స్లో కుక్కర్ కొన్నాం, పప్పు ఉడకట్లేదు, కూర నీళ్లనీళ్లగా వస్తోంది. మన వంటలకు ఇది పనికొస్తుందా?

నల్లగొండ_టీచరమ్మ
ఇద్దరం ఉద్యోగాలే. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే నేను ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆయన ఇంకా ఆలస్యం. వచ్చి పొయ్యి ముందు నిలబడే ఓపిక ఉండట్లేదు. బయటినుంచి తెప్పించుకుంటే నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలట్లేదు. ఆఫర్‌లో ఉందని మూడున్నర లీటర్ల స్లో కుక్కర్ తెప్పించాం. పొద్దున అన్నీ వేసి స్విచ్ వేసి వెళ్తే సాయంత్రానికి కూర తయారని వీడియోల్లో చూపిస్తున్నారు కదా.
మాకు అలా రావట్లేదు. కందిపప్పు, టమాట, చింతపండు కలిపి లో మీద పెడితే సాయంత్రానికి కూడా పప్పు పలుకుగానే ఉంది. చికెన్ పెడితే ముక్క మెత్తబడింది కానీ కూరంతా నీళ్లు, పైగా పచ్చి మసాలా వాసన. పిల్లలు పెరుగన్నం తిని లేచారు. వీడియోల్లో అన్నీ విదేశీ సూపులు, స్ట్యూలే. మన వంటలు ఇందులో చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? కరెంటు బిల్లు సంగతేంటి? అమ్మేయమంటే అమ్మేస్తాను, కానీ డబ్బు పెట్టి కొన్నది కదా, ఒక దారి చూపండి.

గద్వాల్_బ్యాచిలర్
అమ్మేయండి అక్కా. ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిల్స్‌తో అయ్యే పప్పుకు రోజంతా కరెంటు ఎందుకు?

వనపర్తి_వదిన
తమ్ముడూ, అప్పుడే అమ్మించకు. పప్పు విషయంలో నువ్వన్నది నిజమే, కానీ అది పప్పు కోసం చేసిన వస్తువు కాదు.
టీచరమ్మా, నీళ్ల సంగతి ముందు చెప్తాను. ఇందులో ఆవిరి బయటికి పోదు. మూతకు తగిలి మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. పొయ్యి మీద చికెన్‌కు పోసినన్ని నీళ్లు ఇందులో పోస్తే చివరికి అన్నీ అలాగే ఉంటాయి, పైగా కోడి, టమాట, ఉల్లిగడ్డ వదిలే నీరు దానికి తోడవుతుంది. చికెన్‌కు అసలు నీళ్లే అక్కర్లేదు. మటన్‌కు అడుగు తడిసేటన్ని చాలు.
పచ్చి వాసన ఎందుకంటే ఇందులో వేగడం ఉండదు, ఉడకడమే. ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, ధనియాల పొడి పది నిమిషాలు బాణలిలో నూనె తేలేదాకా వేయించి అప్పుడు ఇందులోకి దింపాలి. ఆ పది నిమిషాలు తప్పించుకోవాలని చూస్తే కూర రుచి రాదు. అది మాత్రం గ్యాస్ మీద చేయాల్సిందే.

దేవరకొండ_కోడలు
వదిన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, మధ్యలో మూత తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోయి మళ్లీ ఎక్కడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. కుక్కర్ కొన్న కొత్తలో మా అత్తమ్మ గంటకోసారి మూత తీసి కలిపేది. కూర రాత్రి తొమ్మిదికి కూడా కాలేదు. ఇప్పుడు ఆమెనే ఎవరినీ ముట్టుకోనివ్వదు.

కెమిస్ట్రీ_సార్_మిర్యాలగూడ
పప్పు ఉడకకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి చింతపండు, టమాట. పులుపు ఉన్న నీళ్లలో పప్పు కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం తొందరగా కరగదు, గింజ గట్టిగానే ఉండిపోతుంది. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు వేయాలి. ఇది ఏ పొయ్యికైనా వర్తిస్తుంది, కానీ ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటి 120 దగ్గరికి పోతుంది కాబట్టి ఆ లోపం కప్పిపుచ్చబడుతుంది. స్లో కుక్కర్ మరుగు దాకా కూడా సరిగ్గా రాదు కాబట్టి బయటపడుతుంది.
రెండోది నీళ్లు. మీరు ఏ నీళ్లు వాడుతున్నారు? బోరు నీళ్లయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌కు పట్టుకుని దాన్ని ఇంకా గట్టిపరుస్తాయి. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినమైనవే.

నల్లగొండ_టీచరమ్మ
వంటకు బోరు నీళ్లే సార్. తాగడానికి మాత్రం 20 లీటర్ల క్యాన్ తెప్పిస్తాం.

కెమిస్ట్రీ_సార్_మిర్యాలగూడ
పప్పు, ఉలవలు, శనగలకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ ఆ క్యాన్ నీళ్లు గానీ వాడి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకో మాట, ఇది స్లో కుక్కర్‌కు మించిన సంగతి. మన బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, మరిగిస్తే అది పోదు. పొయ్యి మీద నీళ్లు ఇగిరితే ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది, అంతగా మనం ఆ నీళ్లతో బాధపడ్డాం. పిల్లలున్న ఇంట్లో తాగే నీళ్లకే కాదు, పప్పుకూ చారుకూ కూడా నల్లా నీళ్లే వాడండి.

పాలమూరు_పెద్దకాక
సార్ మంచి మాట చెప్పారు. తాగడానికొక నీళ్లు, వంటకొక నీళ్లు అనుకునే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. చారులో పోసేదీ కడుపులోకే పోతుంది.

భువనగిరి_లెక్కలు
కరెంటు బిల్లు అడిగారు, అది నేను చెప్తాను. కుక్కర్ అడుగున స్టిక్కర్ మీద వాట్స్ రాసి ఉంటుంది. మూడున్నర లీటర్లవి ఎక్కువగా 200 చుట్టూ ఉంటాయి. 200 వాట్స్ ఎనిమిది గంటలు నడిస్తే 1.6 యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయలనుకుంటే ఎనిమిది రూపాయలు. వారానికి నాలుగుసార్లు వాడితే నెలకు 27 యూనిట్ల దగ్గర.
ఇది చిన్న ఖర్చే, కానీ గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడ హద్దు నెలకు 200 యూనిట్లు. ఎండాకాలంలో కూలర్, ఫ్రిజ్ కలిపి 190 దగ్గర ఉన్నవాళ్లకు ఈ 27 చేరితే హద్దు దాటిపోతుంది. అప్పుడు కూర ఎనిమిది రూపాయలది కాదు.

గద్వాల్_బ్యాచిలర్
నేను చెప్పింది అదే కదా. గ్యాసే చవక.

భువనగిరి_లెక్కలు
వంటను బట్టి తమ్ముడూ. ప్రెషర్ కుక్కర్‌లో అరగంటలో అయ్యేదానికి గ్యాస్ 70, 80 గ్రాములు పోతుంది. అక్కడ స్లో కుక్కర్ ఓడిపోతుంది, సందేహం లేదు. కానీ మేకకాళ్లు మామూలు గిన్నెలో సిమ్ మీద మూడు నాలుగు గంటలు మరిగిస్తే గ్యాస్ ఖర్చూ దాదాపు స్లో కుక్కర్ కరెంటు ఖర్చంత అవుతుంది, పైగా మనిషి అక్కడే కాపలా ఉండాలి. టీచరమ్మ గారికి డబ్బుకన్నా ఆ కాపలా తప్పడం ముఖ్యం.
డబ్బు అసలు మిగిలేది ఇంకోచోట. మెత్తటి మటన్ ముక్కలకు పెట్టే ధరలో సగానికన్నా తక్కువకే కాళ్లు, తలకాయ దొరుకుతాయి. గట్టి ముక్క, ఎముక, ఉలవలు, శనగలు లాంటివి ఈ కుక్కర్‌లో బాగా వస్తాయి. కుక్కర్ ఖరీదు తిరిగొచ్చేది అక్కడే.

స్టాఫ్‌నర్స్_సూర్యాపేట
అందరూ రుచి, బిల్లు మాట్లాడుతున్నారు. నేను ముఖ్యమైనది చెప్తాను, దయచేసి చదవండి.
రాజ్మా పచ్చిగా స్లో కుక్కర్‌లో వేయకండి. అందులో లెక్టిన్ అనే ఒక రకం విషం ఉంటుంది. గట్టిగా మరిగితేనే అది చస్తుంది. స్లో కుక్కర్ వేడి చాలకపోతే గింజ మెత్తబడుతుంది కానీ విషం అలాగే ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర సగం ఉడికిన రాజ్మా పచ్చిదానికన్నా ఎక్కువ ప్రమాదం. నాలుగైదు గింజలు చాలు, తిన్న ఒకటి రెండు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పొయ్యి మీద కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆ నీళ్లూ వంపేసి అప్పుడు కుక్కర్‌లో వేయాలి. అరగంట మరిగిస్తే ఇంకా నిశ్చింత.
రెండోది మాంసం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు జోరుగా పెరుగుతాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన చికెన్ నేరుగా వేస్తే అది ఆ మధ్యలోనే గంటలకొద్దీ ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో ముందురోజే కరగనివ్వాలి. కుక్కర్‌లో పోసే నీళ్లు కూడా వేడివే పోయండి. వార్మ్ అనే సెట్టింగ్ మీద వండకండి, అది ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికే.
మూడోది కరెంటు. మీరు స్కూల్లో ఉండగా రెండు గంటలు కరెంటు పోయి వచ్చిందనుకోండి. సాయంత్రానికి కూర వేడిగానే కనిపిస్తుంది. కానీ మధ్యలో ఎంతసేపు గోరువెచ్చగా ఉందో మీకు తెలియదు. అలాంటి మాంసం కూర చూడటానికి బాగున్నా పారేయాలి. రెండు వందల రూపాయల చికెన్ పోతే పోనివ్వండి.

పాలమూరు_పెద్దకాక
నర్సమ్మా, కోపం తెచ్చుకోకు. మా అవ్వ రాత్రిపూట దాలిలో పిడకల మీద ఉలవల కుండ పెట్టి పడుకునేది. పాలు పొద్దంతా ఎర్రగా కాగేవి. థర్మామీటర్ ఎవరూ పెట్టలేదు, ఇంటిల్లిపాదీ తిని పొలం పోయాం. అన్నిటికీ భయపెడితే ఎవరూ వండుకోరు.

స్టాఫ్‌నర్స్_సూర్యాపేట
కోపం ఎందుకు కాకా, మీరు చెప్పిన దాలి వంటే నేను చెప్పేదానికి సాక్ష్యం. ఉలవలు ముందు పొయ్యి మీద తెర్లాకే కదా దాలిలో దింపేది? పిడకలు తెల్లారేదాకా ఆరిపోవు, కుండ మందంగా ఉంటుంది కాబట్టి వేడి నిలబడుతుంది. మధ్యలో నిప్పు చల్లారి మళ్లీ అంటుకోవడం లేదు. కరెంటు కుక్కర్‌కు ఆ భరోసా లేదు, తీగ తెగితే చల్లారిపోతుంది. అవ్వ పద్ధతిలో మొదటి మరుగు, తెగని వేడి రెండూ ఉన్నాయి. అవి రెండూ ఉంటే నాకూ ఏ అభ్యంతరం లేదు.

పాలమూరు_పెద్దకాక
అవును, తెర్లాకే దింపేది. పైన మూకుడు పెట్టి బట్టతో మూతి కట్టేది కూడా. ఒప్పుకున్నా.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
టీచరమ్మ అక్కా, కరెంటు టెన్షన్ తీరే మార్గం ఒకటి ఉంది. పగలు పెట్టకండి, రాత్రి పెట్టండి.
నేను పోలేపల్లి వైపు మందుల కంపెనీలో షిఫ్టుల్లో చేస్తా. వారం మారితే తినే వేళ మారుతుంది. మొదట్లో డ్యూటీకి పోతూ పెట్టేవాణ్ణి, మనసంతా ఇంటి దగ్గరే ఉండేది. ఇప్పుడు నిద్రపోయే ముందు పెడతా. ఇంట్లోనే ఉంటా కాబట్టి కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, మెలకువ వస్తుంది, గిన్నెలోది పొయ్యి మీదికి మారుస్తా. లేచేసరికి కూర రెడీ. అందులో సగం డబ్బాలోకి, సగం ఫ్రిజ్‌లోకి.
మీరు కూడా రాత్రి పదికి పెడితే పొద్దున ఆరుకు అయిపోతుంది. లంచ్ బాక్సులు అందులోంచే. మిగిలింది చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం వచ్చి పొయ్యి మీద బాగా మరిగించడమే పని.

దేవరకొండ_కోడలు
ఇది బంగారం లాంటి సలహా. నాకెందుకు తట్టలేదో ఇన్నాళ్లు!

నల్లగొండ_టీచరమ్మ
రాత్రి పెట్టడం మాకు బాగా కుదురుతుంది. పొద్దున పెట్టాలంటే ఐదింటికి లేచి ఉల్లిగడ్డలు కోయాల్సి వస్తోంది. అదే రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కలిసి చేసుకోవచ్చు. కానీ మిగిలిన కూర పొద్దున ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు గిన్నెతో సహా పెట్టొచ్చా? లోపలి గిన్నె బయటికి వస్తుంది కదా.

స్టాఫ్‌నర్స్_సూర్యాపేట
వద్దు. ఆ మందపు గిన్నె చల్లబడటానికి గంటలు పడుతుంది, లోపల కూర గోరువెచ్చగా ఉండిపోతుంది. వెడల్పాటి స్టీలు డబ్బాల్లోకి తీసి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. తర్వాత వేడి చేయడం కూడా స్లో కుక్కర్‌లో వద్దు, పొయ్యి మీదే.

లైన్‌మన్_కొడుకు
ఆ గిన్నె పింగాణీ లాంటిది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేడి కుక్కర్‌లో పెట్టినా, వేడి గిన్నెను నల్లా కింద చల్లటి నీళ్లతో కడిగినా పగుళ్లిస్తుంది. పగిలితే విడిగా దొరకడం కష్టం.
కరెంటు గురించి నావి కొన్ని మాటలు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాత్రంతా నడపకండి. గోడ సాకెట్‌కే, ఎర్తింగ్ ఉన్నదానికే పెట్టండి. గోడకు ఆనించకుండా జానెడు దూరం ఉంచండి, చుట్టూ బట్టలు, కాగితాలు ఉండొద్దు.
కొనబోయేవాళ్లు వినండి. గుండ్రటి నాబ్ తిప్పే మోడల్ తీసుకోండి. కరెంటు పోయి వస్తే అది తనంతట తాను మళ్లీ మొదలవుతుంది, మాంసం కూరకు మాత్రం నర్సమ్మ చెప్పిన జాగ్రత్త తప్పదు. బటన్లు, డిస్‌ప్లే ఉన్నవాటిలో చాలావరకు కరెంటు వచ్చినా ఆఫ్‌లోనే ఉండిపోతాయి. మన దగ్గర గాలివాన వస్తే కరెంటు పోవడం మామూలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
అన్నా, ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

లైన్‌మన్_కొడుకు
నడుస్తుంది, 200 వాట్సే కదా. కానీ 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేదే 1.8 యూనిట్లు, అదీ కాగితం మీద. చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. ఫ్యాన్లు కూడా దాని మీదే ఉంటే నాలుగైదు గంటల్లో ఇల్లంతా చీకటి. గంట రెండు గంటల కోతకు పర్వాలేదు. అంతకు మించితే కూర గ్యాస్ మీదికి మార్చి ఫ్యాన్లు కాపాడుకో.

గద్వాల్_బ్యాచిలర్
నాకు కొనే స్తోమత లేదు, రూమ్‌లో రైస్ కుక్కర్ ఉంది. దాన్ని వార్మ్‌లో పెడితే ఇదే పని జరుగుతుందా?

స్టాఫ్‌నర్స్_సూర్యాపేట
జరగదు. అది అన్నం వేడిగా ఉంచేంతే ఉంటుంది. దాంట్లో మాంసం ఉడికించాలని చూడొద్దు.

నారాయణపేట_జొన్నరొట్టె
తమ్మీ, ఏమీ కొనకుండా ఒక పద్ధతి చెప్తాను. మూత గట్టిగా పట్టే మందపు గిన్నెలో శనగలో పెసర్లో రాత్రి నానబెట్టినవి వేసి, పొయ్యి మీద పదిహేను ఇరవై నిమిషాలు బాగా తెర్లనివ్వు. మూత తీయకుండా దించి, పాత దుప్పటి రెండు మూడు మడతలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టు. ఖాళీల్లో వరిగడ్డి గానీ పాత బట్టలు గానీ కుక్కు. మూడు గంటల తర్వాత తీస్తే గింజ మెత్తగా ఉంటుంది. గిన్నె నిండుగా ఉంటేనే వేడి నిలుస్తుంది, అడుగున కొంచెం వేస్తే చల్లారిపోతుంది. తినే ముందు మళ్లీ ఒకసారి మరిగించు. గింజలకే ఈ పద్ధతి, మాంసానికి వాడకు.

గద్వాల్_బ్యాచిలర్
వరిగడ్డి రూమ్ ఓనర్ బర్రె దగ్గర అడుగుతా. బర్రె ఒప్పుకుంటే వండుతా.

నారాయణపేట_జొన్నరొట్టె
బర్రెకు రెండు గుప్పెళ్ల ఉలవలు పెట్టు, ఒప్పుకుంటుంది.

దేవరకొండ_కోడలు
టీచరమ్మ గారూ, మీరు అడిగిన అసలు వంటకు వద్దాం. మా ఇంట్లో స్లో కుక్కర్ కొన్నదే మేకకాళ్ల పాయ కోసం. ఇది చేసి చూడండి, మీ కుక్కర్ మీద మనసు విరగదు.
కాళ్లు కాల్చి, గీకి, కొట్టించి తెచ్చుకోండి. నాలుగు కాళ్లు మీ మూడున్నర లీటర్ల గిన్నెకు సరిపోతాయి. పసుపు, ఉప్పు రుద్ది కడిగి, పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించి ఆ నీళ్లు పారబోయాలి. నురుగు, వాసన అందులోనే పోతాయి. ఈలోపు పక్క పొయ్యి మీద రెండు ఉల్లిగడ్డలు సన్నగా కోసి ఎర్రగా వేయించి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, కొంచెం పసుపు, కారం, ధనియాల పొడి కలిపి దించండి. లవంగం, చెక్క మామూలుగా వేసేదాంట్లో సగమే వేయాలి, రాత్రంతా ఉడికితే వాటి ఘాటు పెరుగుతుంది. కాళ్లు, మసాలా కుక్కర్‌లో వేసి, ముక్కలు మునిగేటన్ని మరిగే నీళ్లు పోసి లో మీద తొమ్మిది గంటలు. పొద్దున ఉప్పు చూసుకుని, మిరియాల పొడి, కొత్తిమీర, నిమ్మరసం. ఎముక దగ్గర జిగురంతా నీళ్లలోకి దిగి ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే గడ్డ కట్టి జెల్లీ అవుతుంది, భయపడకండి, పాయ బాగా వచ్చిందంటే అలాగే అవుతుంది.

నారాయణపేట_జొన్నరొట్టె
దానికి జొన్నరొట్టె తప్ప ఇంకేదీ వద్దు. అన్నంతో తింటే పాయకు న్యాయం జరగదు.

దేవరకొండ_కోడలు
జొన్నరొట్టె కొట్టడానికి మీరు వస్తారా? అప్పుడు రోజూ పాయనే.

వనపర్తి_వదిన
ఉలవలు నేను చెప్తాను. పావుకిలో ఉలవలు రాళ్లు ఏరి, కడిగి, రాత్రి నానబెట్టండి. మర్నాడు రాత్రి పొయ్యి మీద పది నిమిషాలు తెర్లించి, వేడి నీళ్లతో సహా కుక్కర్‌లో పోయండి. నీళ్లు గింజల మీద నాలుగు వేళ్లు ఉండాలి. ఇక్కడ మాత్రం నీళ్లు ఎక్కువే కావాలి, ఎందుకంటే చారుకు కావాల్సింది ఆ నీళ్లే. పొద్దున నీళ్లు వంపి గింజలు వేరు చేయండి. గింజలు ఎండుమిర్చి, ఎల్లిగడ్డ తాలింపుతో గుడాలు, పిల్లల స్కూలు డబ్బాకు. నీళ్లు సాయంత్రం చింతపండు రసంతో పొయ్యి మీద చిక్కబడేదాకా మరిగించి తాలింపు పెడితే చారు. ఒక్క వంటతో రెండు పూటలు గడుస్తాయి. చింతపండు సార్ చెప్పినట్టు ఆఖర్లోనే.

కెమిస్ట్రీ_సార్_మిర్యాలగూడ
వదిన గారికి నూటికి నూరు మార్కులు.

నల్లగొండ_టీచరమ్మ
పుంటికూర (గోంగూర) మటన్ కుదురుతుందా? మా ఆయనకు అదంటే ప్రాణం.

వనపర్తి_వదిన
కుదురుతుంది. మటన్ మాత్రమే రాత్రంతా పెట్టండి. ఆకు మొదటే వేస్తే నల్లబడి పీచుగా అవుతుంది. పొద్దున ఆకు విడిగా నూనెలో మగ్గించి, మెదిపి మటన్‌లో కలిపి, పది నిమిషాలు పొయ్యి మీద ఉడికిస్తే రెండూ పట్టుకుంటాయి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర అన్నిటికీ ఇదే. పెరుగు, పాలు కూడా చివర్లోనే, ముందు వేస్తే విరుగుతాయి.

భువనగిరి_లెక్కలు
కూరగాయల్లో ఆలుగడ్డ, క్యారెట్ అడుగున, అంచుల వెంట పెట్టాలి. వాటికి మాంసంకన్నా ఎక్కువ సమయం పడుతుంది. పైన వేస్తే మటన్ ఉడికినా ఆలుగడ్డ కసక్కుమంటుంది. బెండకాయ, వంకాయ ఇందులో వద్దు, ముద్దవుతాయి. సొరకాయ చెరువంత నీళ్లు వదులుతుంది.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్
చేపలు కూడా వద్దు. మా తమ్ముడు సాగర్ చేపలు తెచ్చి రాత్రంతా పెట్టాడు, పొద్దున ముళ్లు ఒకవైపు, పులుసు ఒకవైపు. చేపకు పొయ్యి మీద ఇరవై నిమిషాలు చాలు.

నల్లగొండ_టీచరమ్మ
చికెన్ సంగతి ఇంకా మిగిలింది. నీళ్లు పోయకుండా, మసాలా వేయించి వేశాను. వాసన పోయింది, రుచి బాగుంది. కానీ ఛాతీ ముక్కలు పీచుపీచుగా ఎండిపోయినట్టు వచ్చాయి, గ్రేవీ ఇంకా పల్చగానే ఉంది.

దేవరకొండ_కోడలు
ఫారం కోడికి రాత్రంతా ఎక్కువ. లో మీద నాలుగైదు గంటలు చాలు, అందుకే ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడే పెట్టండి. తొడ, కాలు ముక్కలే వాడండి, వాటిలో కొవ్వు, జిగురు ఉంటాయి. రాత్రంతా పెట్టాలంటే ముదురు నాటుకోడి పెట్టండి, అది తట్టుకుంటుంది.

వనపర్తి_వదిన
గ్రేవీ చిక్కబడటానికి మన దగ్గర ఉన్నదే చాలు. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి దోరగా వేయించి పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. చివరి అరగంటలో రెండు చెంచాలు వేసి, హై మీద మూత తీసి ఉంచండి. ఆ పొడి ఆదివారం చేసుకుంటే రెండు వారాలు వస్తుంది. అలాగే ఉల్లిగడ్డ మసాలా కూడా ఎక్కువగా వేయించి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, పని ఉన్న రోజు ఒక డబ్బా తీసి వేడి చేసి వేయడమే. పది నిమిషాల పని రెండు నిమిషాలవుతుంది.

పాలమూరు_పెద్దకాక
మా ఇంట్లో దాలి లేదు, బర్రెలూ లేవు, పిడకలూ లేవు. మీ మాటలు చదివి మా అబ్బాయికి చెప్పాను, నాబ్ ఉన్నదే చూడమని. ముసలివాళ్లం ఇద్దరమే. ఎంత సైజు తీసుకోవాలి? పెద్దది కొంటే పండగకు పిల్లలు వచ్చినప్పుడు పనికొస్తుంది కదా అంటున్నాడు.

లైన్‌మన్_కొడుకు
ఇద్దరికి లీటరున్నర, రెండు లీటర్లదే కొనండి కాకా. గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నిండితేనే సరిగ్గా ఉడుకుతుంది. ఆరు లీటర్ల దాంట్లో ఇద్దరికి సరిపడా వేస్తే అడుగంటుతుంది, కరెంటు కూడా ఎక్కువ. పండగకు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టుకుందాం, ఇంటినిండా చేతులుంటాయి కదా.

పాలమూరు_పెద్దకాక
సరే, చిన్నదే. వదినమ్మా, ఇద్దరికి ఉలవలు ఎన్ని నానబెట్టాలి?

వనపర్తి_వదిన
చాయ్ గ్లాసుతో ఒక గ్లాసు చాలు. నీళ్లు మీరు కూడా భగీరథవే పోయండి.